ఎడమ దీపం ఎంపిక కమిటీ

జీపుకి ఎడమ వైపు హెడ్‌లైటు బల్బు మాడిపోయిందన్న సంగతి డ్రైవరు వచ్చి చెప్పకముందే సూపరింటెండెంటు విశ్వపతికి తెలుసు. ముందు రోజు సాయంత్రం కొండ దిగుతున్నప్పుడు, డ్రైవరు పక్క సీట్లో అతను కూర్చున్న వైపు రోడ్డు ఉన్నట్టుండి మాయమైపోయింది. కుడి సగం ఎప్పటిలాగే ఉంది. కొండ గోడ, గోడ మీద పాకిన తీగలు, వాటి మీది తడి, అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. ఎడమ సగం, అంటే లోయ ఉన్న సగం, లేదు. కిందికి చేరేదాకా అతను సీటు అంచు పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

భోజనాల దగ్గర భార్య హైమవతి, "అరచెయ్యి అంత ఎర్రగా కందిపోయిందేం?" అని అడిగింది.

"ఆఫీసు పని," అన్నాడు విశ్వపతి. నిజానికి అంతకంటే దగ్గరగా ఉన్న మాట అతనికి దొరకలేదు.

ఆ ఆఫీసు కొండ మీద ఉన్న నేల తేమ పరిశీలనా సంస్థ. ఆ కొండ మీద ఏడాదిలో సగం రోజులు వాన కురుస్తుంది, మిగతా సగం మంచు. నేల తడిగా ఉందని నెలనెలా పై వాళ్ళకి తెలియజేయడం సంస్థ పని. సిబ్బందిలో చాలామంది కొండ మీదే క్వార్టర్లలో ఉంటారు. కింద పట్నంలో ఇల్లు ఉన్నది విశ్వపతికి, డ్రైవరు ఎర్రునాయుడికి. రోజూ చీకటి పడే వేళకి ఇద్దరూ జీపులో దిగుతారు.

మర్నాడు ఎర్రునాయుడు బల్లకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"బాబూ, ఎడం లైటు పోనాదండి."

"ఊఁ."

"సంతకం పెట్టీండి. మద్దినేళ కిందకెళ్లి బస్టాండు కాడ కొట్లో తెచ్చి ఏసెత్తాను. పాతది ఊడబీకడం, కొత్తది పెట్టడం. టీ తాగినంత సేపు పట్టదు."

విశ్వపతి కలం మూత తీశాడు. ఇలాంటి చిన్న కొనుగోళ్ళు మంజూరు చేసే అధికారం అతనికి ఉంది. ఆ అధికారం వచ్చి చాలా కాలమైంది గానీ దాన్ని వాడిన సందర్భం లేదు. కాగితం మీద కలం ఆనించాక అతనికి ఎప్పుడూ వచ్చే ఆలోచనే వచ్చింది. ఎవరైనా ఎందుకు కొన్నావని అడిగితే? జీపులో ఎడమ వైపు కూర్చునేది ఎవరని అడిగితే? బల్బు మంజూరు చేస్తే, ఒక మనిషి తన భయాన్ని తానే మంజూరు చేసుకున్నట్టు ఉంటుంది. అతను కాగితం మీద నెమ్మదిగా, "డైరెక్టరు గారితో చర్చించవలెను," అని రాశాడు. రాయగానే గుండె తేలికపడింది.

"సర్చించడానికి ఇందులో ఏటుందండి? మాడిపోనాది," అన్నాడు ఎర్రునాయుడు.

"అదే చర్చిస్తాం," అన్నాడు విశ్వపతి.

డైరెక్టరు హయగ్రీవరావు గారు ఈమధ్యే సముద్రం ఒడ్డున ఒక హోటల్లో జరిగిన శిక్షణకి వెళ్ళి ప్రభావిత సమ్మతి అనే సిద్ధాంతాన్ని వెంటబెట్టుకుని వచ్చారు. దాని ప్రకారం, ఏ వస్తువునైనా వాడుకునేవాడిని అడిగి కొనకూడదు. దాని ప్రభావం ఎవరి మీద పడుతుందో వాళ్ళ సమ్మతి తీసుకుని కొనాలి. సిద్ధాంతం మొదటి విజయం డైరెక్టరు గారి గదిలోనే జరిగింది. ఆయన బల్ల మీది కాలింగ్ బెల్లు ప్రభావం అటెండరు పైడితల్లి మీద పడుతుంది కనక, ఆమెను అడిగారు. బెల్లు మోత తనకి ఇష్టం లేదని ఆమె చెప్పింది. బెల్లు తీసేశారు. ఇప్పుడు డైరెక్టరు గారు వరండాలోకి వచ్చి పైడితల్లీ అని కేక వేస్తున్నారు. కేక గురించి ఆమెను ఇంకా అడగలేదు.

"ఇది బల్బు కాదు విశ్వపతి గారూ," అన్నారు డైరెక్టరు గారు కాగితం చదివి. "ఇది మనకొచ్చిన అవకాశం. కూర్చోండి. హెడ్‌లైటు వెలుగు ఎటు పోతుంది?"

"ముందుకండి."

"లోపలికి రాదు కదా?"

"రాదండి."

"అలాంటప్పుడు లోపల కూర్చున్నవాళ్ళకీ ఆ దీపానికీ సంబంధం ఏమిటి?"

"వాళ్ళకి రోడ్డు కనపడుతుందండి."

"అది లబ్ధి. లబ్ధి వేరు, ప్రభావం వేరు. లబ్ధిదారుడి అభిప్రాయం తీసుకుంటే అది పక్షపాతం కిందికి వస్తుంది. మీరు ఆ జీపులోనే కదూ వెళ్ళేది? ఎటువైపు కూర్చుంటారు?"

"ఎడమవైపండి."

"చూశారా. మీరు సంపూర్ణ లబ్ధిదారులు. మీకు ఓటు ఉండదు. అందుకని కమిటీకి మీరే కన్వీనరు. మీ అంత నిష్పాక్షికంగా ఇంకెవరూ ఉండలేరు, ఎందుకంటే మీకు పక్షం వహించే అవకాశమే లేదు."

గదిలోంచి బయటికి వస్తూ విశ్వపతి తన మనసుని తడిమి చూసుకున్నాడు. అవమానం ఉండవలసిన చోట ఏదో హాయి ఉంది. ఇక తను భయపడుతున్నాడో లేదో ఎవరూ అడగరు. అడగడం నిబంధనలకి విరుద్ధం.

కమిటీలో నిపుణురాలిగా డాక్టర్ నిర్ఝర వచ్చింది. మనస్తత్వశాస్త్రంలో పెద్ద చదువు చదివిన అమ్మాయి. సిద్ధాంతాన్ని క్షేత్రంలో అమలు చేయడానికి సంస్థ తాత్కాలికంగా నియమించుకున్న సలహాదారు. మాట మెత్తన, ఉత్సాహం ఎక్కువ.

"మనం అడగాల్సింది కళ్ళని కాదు సర్, మనసుని," అంది మొదటి సమావేశంలో. "వెలుగు పడిన క్షణంలో మనిషి లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలి."

"ఇది మినిట్స్‌లో రాసుకోండి విశ్వపతి గారూ," అన్నారు డైరెక్టరు గారు.

విశ్వపతి రాసుకున్నాడు. వెలుగు పడని క్షణంలో మనిషి లోపల ఏం జరుగుతుందో అతను చెప్పగలడు. ఆ అంశం ఎజెండాలో లేదు.

నమూనాలు బస్టాండు దగ్గరి కొట్లోంచి అరువు తెచ్చారు. ఒకటి పసుపు వెలుగుది, ఒకటి తెలుపుది, ఒకటి నీలం చాయది. ఏ శాస్త్రీయ పరీక్షకైనా పోల్చి చూడడానికి ఏ ప్రభావమూ లేని నమూనా ఒకటి ఉండాలని నిర్ఝర పట్టుబట్టింది. అందుకని జీపులోంచి తీసిన మాడిపోయిన బల్బుని కూడా దూదిలో చుట్టి పెట్టెలో పెట్టారు.

పరీక్ష కొండ దారి మలుపు దగ్గర, సోములమ్మ టీ కొట్టు ఎదురుగా, చీకటి పడుతుండగా పెట్టారు. కుడి లైటు వైరు పీకేసి, ఎడమ గూట్లో ఒక్కొక్క బల్బే మారుస్తూ ఎర్రునాయుడు స్విచ్చి వేయాలి. వెలుగు ఎవరి మీద పడితే వాళ్ళ దగ్గరికి నిర్ఝర ఒక అట్ట పట్టుకుని వెళ్ళాలి. అట్ట మీద అయిదు ముఖాల బొమ్మలు ఉన్నాయి. ఒక చివర వెక్కి ఏడుస్తున్నది, రెండో చివర నోరారా నవ్వుతున్నది.

మొదట తెల్ల వెలుగు సోములమ్మ మీద పడింది.

"అమ్మా, మీ మనసుకి ఎలా అనిపించింది? ఈ అయిదు ముఖాల్లో మీది ఏది?"

సోములమ్మ కళ్ళు నులుముకుని అట్ట కేసి వంగింది. "నాది ఏదీ కాదమ్మా. ఈ ఏడుపు ముకం మా పెద్దల్లుడిది."

"మీది చెప్పండి అమ్మా."

"నీ లైటు కళ్ళల్లో కొట్టీసరికి పాలు పొంగిపోనాయి. నా ముకం ఎలగుంటాది మరి? అల్లుడిదే రాసుకో."

నీలం చాయ బల్బు వేసేసరికి, సంత నుంచి కోళ్ళ గంప నెత్తిన పెట్టుకుని వస్తున్న ముసలాయన వెలుగుకి ఎదురుగా దొరికాడు. గంపలో పుంజు మెడ సాగదీసి గట్టిగా కూసింది. ముసలాయన గంప దించి నిర్ఝర మీద విరుచుకుపడ్డాడు.

"తెల్లారిందనుకుంది పాపం. ఇక రేపు సరిగ్గా కూస్తాదా? తెల్లారగట్ట నన్నెవులు లేపుతారు, నువ్వొచ్చి లేపుతావేటి?"

"సర్, పుంజుని కూడా ప్రభావితుల్లో చేర్చమంటారా?" అని అడిగింది నిర్ఝర.

"తప్పకుండా," అన్నారు పరీక్ష చూడడానికి వచ్చిన డైరెక్టరు గారు. "సిద్ధాంతంలో మనుషులని ప్రత్యేకించి చెప్పలేదు."

పసుపు వెలుగు కల్వర్టు గోడ మీద చేరగిలబడి కూర్చున్న ఒక జంట మీద పడింది. అమ్మాయి గబుక్కున చున్నీ మొహం మీదికి లాక్కుంది. అబ్బాయి లేచి మర్యాదగానే వచ్చాడు.

"మేడమ్, మాకు ఏ రంగైనా ఒకటే. అసలు ఇటు తిప్పకపోతే బాగుంటుంది."

చివరికి మాడిపోయిన బల్బు పెట్టారు. ఎర్రునాయుడు స్విచ్చి వేశాడు. ఏమీ కాలేదు. కీచురాళ్ళు వినిపించాయి. పుంజు మెడ లోపలికి తీసుకుంది. కల్వర్టు మీద చున్నీ కిందికి జారింది. సోములమ్మ పొయ్యి మీదికి వంగి పాలు చూసుకుంటూ, "ఇది హాయిగున్నాది," అంది. చీకట్లో అట్ట కనపడక ఎర్రునాయుడు అగ్గిపుల్ల గీసి పట్టుకుంటే, ఆ వెలుగులో అందరూ ఒకరి తర్వాత ఒకరు నోరారా నవ్వుతున్న ముఖాన్నే చూపించారు.

విశ్వపతి జీపుని ఆనుకుని నిలబడ్డాడు. లోయ ఎక్కడుందో తెలియడం లేదు గానీ ఉన్నదని తెలుస్తోంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. నిర్ఝర అట్ట పట్టుకుని అతని పక్కనుంచే రెండుసార్లు వెళ్ళింది. ఆగలేదు. ఆ అమ్మాయి నిబంధనలు తప్పే మనిషి కాదు.

నివేదిక మీద చర్చించడానికి కమిటీ మళ్ళీ కూర్చుంది. మాడిపోయిన బల్బుకి ఏకగ్రీవ సమ్మతి లభించింది. కళ్ళు చెదరవు, కోళ్ళు బెదరవు, వేడి లేదు, బ్యాటరీ ఖర్చు కాదు. "విజ్ఞానశాస్త్రానికి తన పర భేదం లేదు," అన్నారు హయగ్రీవరావు గారు. "ఫలితం మనం ఊహించనిది కావచ్చు. అందుకే అది ఫలితం. కన్వీనరు గారూ, మీ వైపు నుంచి అభ్యంతరం ఏమైనా ఉందా? లబ్ధిదారుగా కాదు, కన్వీనరుగా."

ఇది ఎదురుచూడని ప్రశ్న. విశ్వపతి లోపల ఒక వాక్యం లేచి గొంతు దాకా వచ్చింది. అది చాలా చిన్న వాక్యం. నాకు కనపడటం లేదండి. దాన్ని అతను తిప్పి చూశాడు. అందులో "నాకు" అనే మాట మొదట్లోనే ఉంది. ఆ మాటతో మొదలయ్యే వాక్యం అతను ఈ గదిలో ఎన్నడూ పలకలేదు. "నాకు" తీసేసి వాక్యాన్ని సరిదిద్దుకునేలోపు నోరు తనంతట తానే తెరుచుకుంది.

"సూత్రప్రాయంగా ఏమీ లేదండి."

"సర్, ఒక చిక్కుంది," అంది నిర్ఝర. "కుడి బల్బు ఇంకా వెలుగుతోంది. దానికి ఎవరి సమ్మతీ లేదు."

గదిలో అందరూ కాసేపు సిగ్గుపడ్డారు. ఇన్నాళ్ళూ ఒక దీపం ఎవరినీ అడక్కుండా కొండ మీద తిరిగింది. దాన్ని వెంటనే తొలగించి, ఎంపికైన రకం బల్బునే కొని అమర్చాలని తీర్మానించారు. గూడు ఖాళీగా వదిలేస్తే మోటారు వాహనాల వాళ్ళు ఊరుకోరు. కొని తెచ్చే బాధ్యత కన్వీనరుది.

బస్టాండు దగ్గరి కొట్టు యజమాని గౌరీశంకర్ అతన్ని చూడగానే మూడు పెట్టెలు గల్లా పక్కన పేర్చాడు.

"మీ కొండ మీద మంచు కదా సార్, పసుపు తీసుకోండి. మంచుని బాగా చీల్చుకుపోతుంది. తెల్లదైతే దూరం పోతుంది గానీ మంచు మీద పడి మీ కళ్ళకే కొడుతుంది. నీలం కుర్రాళ్ళకి."

"మాడిపోయినది కావాలి," అన్నాడు విశ్వపతి.

"అర్థమైంది సార్. మాడిపోయినదాని బదులు."

"కాదు. వెలుగుతున్నదాని బదులు మాడిపోయినది."

గౌరీశంకర్ అతన్ని పైనుంచి కిందిదాకా చూసి స్టూలు జరిపాడు. "కూర్చోండి సార్. మంచినీళ్ళు తాగుతారా?"

అయినా వ్యాపారం వ్యాపారమే. కొట్టు వెనక చెత్తలో వెతికి, పాత బల్బొకటి తుడిచి తెచ్చి విశ్వపతి చెవి దగ్గర ఊపాడు. "విన్నారా? తీగ తెగి గలగలమంటోంది."

"గ్యారంటీ ఉంటుందా?"

"దేనికి సార్?"

"మళ్ళీ వెలగదని."

"ఇన్నేళ్ళ నుంచి కొట్టు నడుపుతున్నాను. వెలుగుతుందని గ్యారంటీ ఎప్పుడూ ఇవ్వలేకపోయాను. ఇది మాత్రం రాసిస్తాను," అని బిల్లు కోసం లోపలికి వెళ్ళాడు.

విశ్వపతి పసుపు బల్బు పెట్టె తెరిచాడు. గాజు ముట్టుకోకుండా ఇనప పట్టీ దగ్గర పట్టుకుని చూశాడు. అరచేతిలో ఇమిడిపోయే వస్తువు. దాన్ని తన డబ్బుతో కొని జేబులో వేసుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఎర్రునాయుడు మారు మాట్లాడకుండా బిగిస్తాడు. తనకీ బల్బుకీ మధ్య ఏ కమిటీ లేదని తెలిసిన ఆ నిమిషంలో అతనికి చీకటి కన్నా ఎక్కువగా ఆ ఖాళీని చూసి భయం వేసింది. అక్కడ ఎవరూ లేరు, తను తప్ప. అతను బల్బుని జాగ్రత్తగా పెట్టెలో పెట్టి మూత వేశాడు. గౌరీశంకర్ తిరిగొచ్చేసరికి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

రెండు బల్బులూ అమర్చిన సాయంత్రం ఎర్రునాయుడు తాళాలు తెచ్చి డైరెక్టరు గారి బల్ల మీద పెట్టాడు.

"రెండూ నేకుండా నాను దించనండి. ఏదైనా అయితే నా లైసెన్సు పోతాది. నన్ను ఉద్యోగం నుంచి తీసీండి, ఊళ్ళో ఆటో తోలుకుంటాను."

డైరెక్టరు గారికి కోపం రాలేదు. "భద్రత గురించి మేం ఆలోచించలేదనుకున్నావా నాయుడూ? జీపు ముందు ఒక మనిషి నడుస్తాడు. నువ్వు ఆయన వెనక నెమ్మదిగా రా."

"ఆ మనిసికి టార్చి ఇస్తారా మరి?"

"టార్చి కూడా వెలుగే. దానికి మళ్ళీ సమ్మతి ప్రక్రియ మొదలుపెట్టాలి. ప్రస్తుతానికి తెల్ల చొక్కా చాలు. చీకట్లో తెలుపు ఎవరినీ ఇబ్బంది పెట్టదు." ఆయన విశ్వపతి వైపు తిరిగారు. "మీకు తెలుపు నప్పుతుంది కూడా."

మర్నాడు డైరెక్టరు గారు నివేదిక సమర్పించడానికి జిల్లా కేంద్రానికి వెళ్ళారు. ఆయన వెళ్ళింది అద్దె కారులో. అద్దె కారు లైట్లు కాంట్రాక్టరు ఆస్తి కనక సిద్ధాంతం వాటికి వర్తించదు.

ఆ సాయంత్రం విశ్వపతి తెల్ల చొక్కా వేసుకుని జీపు ముందు నడిచాడు. మంచు దిగింది. వెనక ఇంజను గుర్రుగుర్రుమంటోంది. మొదటి మలుపు దాకా అడుగులు వాటంతట అవే పడ్డాయి. తర్వాత తారు ఎక్కడ అయిపోతోందో తెలియక అరికాళ్ళతో తడుముకుంటూ నడిచాడు. జీవితమంతా తన ముందు ఎవరో ఒకరు నడిచారు, అతను వాళ్ళ వీపు చూసుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ముందు ఎవరూ లేరు, వెనక ఒక మనిషీ ఒక బండీ తన వీపుని నమ్ముకుని వస్తున్నాయి.

"బాబూ, మలుపు ఎటు తిరిగినాది?" అని ఎర్రునాయుడు కేకేశాడు.

విశ్వపతికి తెలియదు. కాళ్ళు ఆగిపోయాయి.

అప్పుడు అతని నీడ ఉన్నట్టుండి పొడుగ్గా ముందుకి పరుచుకుంది. వెనక నుంచి బొగ్గుల లారీ ఒకటి, కళ్ళు బైర్లు కమ్మే లైట్లతో వచ్చి జీపు వెనక బ్రేకు కొట్టింది. ఆ వెలుగులో విశ్వపతికి తన ఎడమ బూటు కనిపించింది. బూటు పక్కన బెత్తెడు గడ్డి, గడ్డి అవతల తెల్లటి మంచు, అంతే.

లారీ డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏటిది, ఊరేగింపా? లైట్లేవి?"

"ఉన్నాయి," అన్నాడు ఎర్రునాయుడు. "కమిటీ పాసు చేసిన లైట్లు."

విశ్వపతి గడ్డి నుంచి దూరంగా జరిగి లారీ తలుపు దగ్గరికి వచ్చాడు. "నన్ను ఎక్కించుకో."

"ఏం మాస్టారూ, జీపు ఉంది కదా?"

సమాధానాలు బోలెడు సిద్ధంగా ఉన్నాయి. కిందికి అర్జంటుగా వెళ్ళాలి. జీపు ఇంజను సరిగా లేదు. విశ్వపతి తలుపు పక్క ఇనప కమ్మీ పట్టుకున్నాడు.

"నాకు భయంగా ఉంది," అన్నాడు.

లారీ డ్రైవరు చెయ్యి చాచి పైకి లాగాడు. "ఎక్కండి. ఈ మలుపు కాడ నాకూ బయవే."

జీపు పక్కకి తప్పుకుని, లారీ వెనకున్న ఎర్రదీపాన్ని ఆనవాలుగా పట్టుకుని రాసాగింది. విశ్వపతి ఎడమవైపు సీట్లో కూర్చుని రోడ్డు చూశాడు. రోడ్డు మొత్తం ఉంది. గడ్డి, రాళ్ళు, లోయ అంచున పాతిన తెల్ల స్తంభాలు, ఒక్కొక్కటీ వచ్చి తన పేరు చెప్పినట్టు కనిపించి వెళ్ళిపోతోంది. దారిన పోయేవాళ్ళు మొహాలకి చేతులు అడ్డం పెట్టుకుంటున్నారు. వాళ్ళని చూస్తే అతనికి జాలి వేసింది, జాలి కింద సంతోషమూ ఉంది. రెండూ నిజమే.

కింది మలుపులో ఒక కారు ఎదురొచ్చింది. రెండుసార్లు లైట్లు ఆర్పి వెలిగించింది.

"డిమ్మడుగుతున్నాడు," అని లారీ డ్రైవరు వెలుగు తగ్గించడానికి స్టీరింగు కింద చెయ్యి పెట్టాడు.

"వద్దు," అన్నాడు విశ్వపతి.

కారు కొండ గోడకి అంటుకుని ఆగిపోయింది. అద్దం వెనక డైరెక్టరు హయగ్రీవరావు గారు, సమర్పించి తెచ్చుకున్న నివేదిక ప్రతిని కళ్ళకి అడ్డం పెట్టుకుని ఉన్నారు. కాగితాల పక్కనుంచి సగం మొహం కనపడుతోంది. నోరు తెరుచుకుని ఉంది. ఎదురుగా ఉన్నది ఎవరో, రోడ్డు ఎటు పోయిందో, లోయ ఎంత దూరమో ఏమీ తెలియని మొహం అది. ఆ మొహం లోపలి నుంచి ఎలా ఉంటుందో విశ్వపతికి తెలుసు. బయటి నుంచి చూడడం ఇదే మొదలు. ఎంత స్పష్టంగా కనపడుతోందో అని ఆశ్చర్యపోయాడు.

"తెలిసినోళ్ళా?" అన్నాడు లారీ డ్రైవరు.

విశ్వపతి ముందుకి వంగి అద్దంలోంచి పైకి చూశాడు. "నీ దగ్గర ఉన్నవి ఈ రెండు లైట్లేనా?"

"టాపు మీద ఇంకో రెండున్నాయి. అవేస్తే ఎదుటోడికి ఏటీ కనపడదు."

"వెయ్యి," అన్నాడు విశ్వపతి.